ఓవర్ ఎందుకు నిలబడట్లేదు: ఫారం కన్నా ముందు రోస్టర్ తీయండి

ఓవర్ అంటే డ్యూటీ దిగే సిస్టర్ వచ్చే సిస్టర్‌కు పేషెంట్ల సంగతి చెప్పి అప్పజెప్పడం. అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. నల్లగొండ జిల్లాలో 100 పడకల దవాఖాన. నర్సులందరికీ ఎస్‌బార్ (ఇప్పటి పరిస్థితి, వెనకటి వివరం, అంచనా, సిఫారసు అని నాలుగు ముక్కల్లో పేషెంట్ సంగతి చెప్పే పద్ధతి) నేర్పించారు, ఫారాలు అచ్చు వేయించారు, స్టేషన్ గోడకు పోస్టర్ అంటించారు. రెండు నెలలు చక్కగా నడిచింది. ఇప్పుడు మళ్లీ "అంతా సేమ్ అక్కా, 12వ బెడ్ జర చూడు" దగ్గరికే వచ్చింది. ఇది సిబ్బంది నిర్లక్ష్యమా, యాజమాన్యం వైపు ఏదైనా మిగిలిపోయిందా?

మిగిలిపోయింది. నేర్పిన పద్ధతి, చేతికిచ్చిన కాగితం మంచివే. కానీ అవి వాడటానికి టైం, నిలబడటానికి చోటు, తెలియనిది అడగటానికి ధైర్యం దవాఖాన కల్పించాలి. ఇవి లేని చోట ఎంత బాధ్యత గల సిస్టర్ అయినా రెండు నెలల్లో పాత దారికే వస్తారు. అందుకే ముందుగా రోస్టర్, అంటే ఎవరి డ్యూటీ ఎప్పుడో రాసిన చార్టు, తీసి చూడమంటున్నాను.

మన దగ్గర చాలా చోట్ల నర్సింగ్ షిఫ్టులు పొద్దున 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి తెల్లారి 8. ఒక షిఫ్ట్ ముగిసిన నిమిషానికే ఇంకోటి మొదలవుతుంది. అంటే ఓవర్‌కు రోస్టర్ ఇచ్చిన టైం సున్నా. మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చే సిస్టర్ 8:10కి వార్డులో అడుగు పెడతారు. రాత్రంతా నిలబడ్డ సిస్టర్‌కు 8:20కి దేవరకొండ బస్సు. మధ్యలో ఉన్న పది నిమిషాల్లో 30 మంది సంగతి చెప్పాలంటే ఒక్కొక్కరికి 20 సెకన్లు వస్తాయి. 20 సెకన్లలో చెప్పగలిగేది "అంతా సేమ్" అనే మాట ఒక్కటే.

30 పడకల వార్డుకు నిజంగా ఎంత టైం కావాలో లెక్క వేద్దాం. అందరికీ సమానంగా రెండు నిమిషాలు ఇస్తే గంట అవుతుంది, అది జరగని పని. పేషెంట్లను మూడు రకాలుగా విడగొట్టండి. ప్రాణం మీదికి వచ్చే అవకాశం ఉన్నవాళ్లు (రెడ్) ఐదుగురైతే ఒక్కొక్కరికి 3 నిమిషాలు, కనిపెట్టి చూడాల్సిన పదిమందికి ఒక్కో నిమిషం, కుదుటపడ్డ 15 మందికి (గ్రీన్) 20 సెకన్ల చొప్పున. 15, 10, 5 కలిపి అరగంట. ఈ అరగంట రోస్టర్ మీద అక్షరాలా కనపడాలి. "కాస్త ముందు రండి, కాస్త ఆగి వెళ్లండి" అని నోటిమాటగా చెబితే ఆ భారమంతా మంచివాళ్ల మీదే పడుతుంది, కొన్నాళ్లకు వాళ్లూ విసిగిపోతారు.

అదనపు గంటలకు డబ్బు లేదంటారు. షిఫ్ట్ గంటలు పెంచకుండానే చేయవచ్చు. ప్రతి షిఫ్ట్‌లో ఉన్న ముగ్గురిలో ఒకరి డ్యూటీని అరగంట ముందుకు జరపండి: 7:30 నుంచి 1:30. ఆ ముందు వచ్చిన సిస్టర్ రాత్రి వాళ్లు ఇంకా వార్డులో ఉండగానే సీరియస్ పేషెంట్ల ఓవర్ పూర్తిగా తీసుకుంటారు. మిగతా ఇద్దరు 8కి వచ్చి మిగిలినవాళ్లను తీసుకుంటారు. మధ్యాహ్నం షిఫ్ట్‌లో ఒకరు 1:30కే వస్తారు కాబట్టి ఖాళీ పడదు. ఈ ముందు డ్యూటీ వారం వారం మారాలి, ఎప్పుడూ ఒకరికే రాస్తే అదో శిక్షలా తయారవుతుంది. వార్డుకు ఒక్కరే సిస్టర్ ఉన్న చోట ఈ ఉపాయం పనిచేయదు. అక్కడ సీరియస్ పేషెంట్లను స్టేషన్‌కు ఎదురుగా ఉన్న బెడ్లకు మార్చి, ఓవర్ అరగంటసేపు ఇన్‌చార్జ్ సిస్టర్ వార్డులో నిలబడటం తప్ప దారి లేదు.

రోస్టర్ పక్కనే మందుల టైం చూడండి. దీన్ని పట్టించుకునేవాళ్లు చాలా తక్కువ, నష్టం మాత్రం చాలా ఎక్కువ. రోజుకు రెండుసార్లిచ్చే యాంటీబయాటిక్ పొద్దున 8, రాత్రి 8కి రాసి ఉంటుంది. సరిగ్గా డ్యూటీ మారే టైం. వెళ్లే సిస్టర్ "వచ్చినవాళ్లు ఇస్తారు" అనుకుంటారు, వచ్చిన సిస్టర్ "ఇచ్చే ఉంటారు" అనుకుంటారు. డోసు తప్పిపోతుంది, లేదా రెండుసార్లు పడుతుంది. ఇన్సులిన్ విషయంలో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే రాత్రి భోజనం ముందు డోసు కూడా అదే ఎనిమిది గంటల చుట్టూ వస్తుంది. 12 గంటలకోసారి ఇచ్చేవన్నీ 10కీ 10కీ మార్చేయండి. 6 గంటలకోసారి ఇచ్చేవి 6, 12, 6, 12. 8 గంటలకోసారి ఇచ్చేవాటిలో మధ్యాహ్నం 2 గంటల డోసు తప్పించుకోలేం కాబట్టి దానికి ఒకే నియమం: పొద్దటి షిఫ్ట్ వాళ్లే 1:30కల్లా ఇచ్చి, చార్టులో సంతకం పెట్టాకే ఓవర్ మొదలుపెట్టాలి. ఇన్సులిన్‌కూ అంతే. రాత్రి డోసు మధ్యాహ్నం షిఫ్ట్ వాళ్లదే, షుగర్ చూసిన టైం, ఇచ్చిన యూనిట్లు, పేషెంట్ అన్నం తిన్నారా లేదా, ఈ మూడూ కలిపి చెప్పాలి. యూనిట్లు చెప్పి అన్నం సంగతి వదిలేస్తే రాత్రి 11కి షుగర్ పడిపోతుంది. ఈ మార్పులు ఒక్క వార్డు వల్ల కావు. మెడికల్ సూపరింటెండెంట్ సంతకంతో దవాఖాన మొత్తానికి ఒకేసారి రావాలి, లేదంటే ఐసీయూలో 10కి ఇచ్చిన మందు వార్డుకు మారిన రోజు 8కే మళ్లీ పడుతుంది.

చోటు గురించి. స్టేషన్‌లో కూర్చుని రిపోర్ట్ బుక్ చదివితే అది చదవడమే. బెడ్ దగ్గర నిలబడితే కన్ను కూడా పనిచేస్తుంది: క్యాన్యులా (నరంలో పెట్టిన సన్నని గొట్టం) దగ్గర వాపు, యూరోబ్యాగ్‌లో (మూత్రం సంచిలో) 50 మి.లీ. మాత్రమే ఉండటం, డ్రెయిన్ గొట్టంలో వచ్చే ద్రవం రంగు మారడం, మందు ఎక్కించే పంపు మీద అంకె. అయితే అంతా బెడ్ దగ్గరే మాట్లాడకూడదు. హెచ్‌ఐవీ, పెళ్లికాని అమ్మాయి గర్భం, పురుగుల మందు తాగిన కేసు వివరాలు పక్క బెడ్ అటెండర్లు వింటే ఆ ఊరికి సాయంత్రానికల్లా చేరతాయి. ఆ విషయాలు స్టేషన్‌లో తలుపేసి రెండు నిమిషాల్లో ముగించి, మిగతాది బెడ్ దగ్గర చెప్పుకోండి. 8, 2, 8 గంటలకు అరగంటపాటు అటెండర్లను బయట ఉంచే పని సెక్యూరిటీ వాళ్ల డ్యూటీ చార్టులో రాసి ఇవ్వాలి. టిఫిన్ ట్రాలీ, గదులు తుడవడం, పెద్ద డాక్టర్ రౌండ్ ఈ మూడూ ఆ అరగంటలో రాకుండా చూడాలి. రౌండ్ 8 గంటలకే మొదలవ్వాలని పట్టుబట్టే యూనిట్లు ఉంటాయి, వాళ్లను 8:45కి ఒప్పించడం సూపరింటెండెంట్ పని, స్టాఫ్ నర్సు చెప్పి ఒప్పించలేరు. ఫోన్, కాలింగ్ బెల్ చూడటానికి ఒకరిని పేరు పెట్టి కేటాయించండి. ఆ అరగంటలో ఓవర్ ఇచ్చే మనిషిని ఎవరూ పిలవకూడదు.

పేర్ల గురించి మన జిల్లాల్లో ప్రత్యేకంగా చెప్పాలి. యాదగిరిగుట్ట నరసింహస్వామి మీద భక్తితో ఇంటింటికీ యాదమ్మ, యాదయ్య, యాదగిరి ఉంటారు. ఒకే ఫీమేల్ వార్డులో ముగ్గురు యాదమ్మలు, ఇద్దరు లక్ష్మమ్మలు ఉండటం మామూలే. అందుకని నర్సులు బెడ్ నంబరుతో పిలవడం అలవాటు చేసుకుంటారు, అది ఇంకా పెద్ద ప్రమాదం. డెంగీ రోజుల్లో బెడ్లు రోజుకు రెండుసార్లు మారతాయి, నేల మీద పరుపు వేసినవాళ్లకు నంబరే ఉండదు. చేతి పట్టీ మీద పేరు, భర్త లేదా తండ్రి పేరు, ఊరు, ఐపీ నంబరు (అడ్మిషన్ నంబరు) నాలుగూ ఉండాలి. ఓవర్‌లో ఏ పేషెంట్‌నైనా పేరు, ఐపీ నంబరు చివరి నాలుగు అంకెలతో మొదలుపెట్టాలి. ఒకే పేరున్నవాళ్లు వార్డులో ఉంటే కేస్‌షీట్ అట్ట మీద ఎర్ర స్టిక్కర్ అంటించండి. రక్తం ఎక్కించాల్సిన పేషెంట్ ఉన్నప్పుడు బ్యాగు వార్డుకు వచ్చి డ్యూటీ మారితే, పాత వాళ్లు చేసిన తనిఖీ చెల్లదు. కొత్తగా వచ్చిన ఇద్దరు పట్టీ, బ్యాగు, కేస్‌షీట్ మూడూ మళ్లీ పోల్చుకోవాలి.

ఇక పద్ధతి. ఎస్‌బార్ అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో పుట్టి, కైజర్ పర్మనెంటే దవాఖానల ద్వారా వైద్యంలోకి వచ్చింది. పేషెంట్ పరిస్థితి దిగజారుతున్నప్పుడు అర్ధరాత్రి డాక్టర్‌కు ఫోన్ చేసి సూటిగా చెప్పడానికి అది చాలా బాగుంటుంది. దాన్నే 30 మంది వార్డు ఓవర్‌కు వాడితే రెండు ముక్కలు జారిపోతాయి: ముందు ముందు ఏం జరగొచ్చు, జరిగితే ఏం చేయాలి. ఐ-పాస్ పద్ధతిలో ఈ రెండూ ఉన్నాయి. తీవ్రత, క్లుప్తంగా పేషెంట్ సంగతి, చేయాల్సిన పనులు, "ఇలా అయితే అలా" అనే ముందుచూపు, చివర విన్నవారు తిరిగి చెప్పడం. 2014లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో దీని మీద వచ్చిన అధ్యయనం 9 దవాఖానల పిల్లల విభాగాల్లో 10,740 అడ్మిషన్ల మీద చేసింది. వైద్య పొరపాట్లు 23 శాతం, నివారించగలిగిన హాని 30 శాతం తగ్గాయి. ఒక్కో పేషెంట్‌కు పట్టిన టైం మాత్రం 2.4 నుంచి 2.5 నిమిషాలు, అంటే దాదాపు పెరగలేదు.

ఈ అధ్యయనం చూపించి చాలామంది పోస్టర్ మాత్రం తీసుకుంటారు. అక్కడ పోస్టర్‌తో పాటు శిక్షణ, పెద్ద డాక్టర్లు పక్కన నిలబడి గమనించి దిద్దడం, ఒకే నమూనా కాగితం, నెలల తరబడి పట్టు వదలకపోవడం కలిపి చేశారు. మీ దగ్గర మూడో నెలలో జారిపోయింది ఆ దిద్దే మనిషి లేకే అని నా నమ్మకం. ఇన్‌చార్జ్ సిస్టర్ రోజుకు ఒక్క ఓవర్ పూర్తిగా నిలబడి వినాలి. వారానికి ఒకసారి రాత్రి 8 గంటల ఓవర్ కూడా, ఎందుకంటే అసలు పొరపాట్లు అక్కడే ఉంటాయి, పెద్దవాళ్లెవరూ ఉండరు.

మంచి ఓవర్ వినడానికి ఎలా ఉంటుందో ఒకటి రాస్తాను. ఇందులో మెగ్‌సల్ఫ్ అంటే గర్భిణికి ఫిట్స్ ఆపడానికి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ సూది, అది మోతాదు మించితే విరుగుడు కాల్షియం గ్లూకోనేట్. "రెడ్. యాదమ్మ, భర్త మల్లయ్య, ఐపీ చివర 4417. మొదటి కాన్పు, 36 వారాలు, ఫిట్స్ వచ్చి మధ్యాహ్నం రిఫర్ అయ్యింది. పీహెచ్‌సీలో మెగ్‌సల్ఫ్ రెండు వైపులా 5 గ్రాముల చొప్పున 10 గ్రాములు, 3:40కి. ఇక్కడ కండరానికి మెయింటెనెన్స్ 5 గ్రాములు 7:40కి ఎడమ వైపు ఇచ్చిన, తర్వాతది 11:40కి కుడి వైపు. ఇచ్చే ముందు మోకాలి రిఫ్లెక్స్ ఉండాలి, శ్వాస నిమిషానికి 16కు తగ్గకూడదు, మూత్రం గంటకు 30 మి.లీ. ఉండాలి. రిఫ్లెక్స్ పోతే డోసు ఆపి డ్యూటీ డాక్టర్‌ను పిలవాలి, కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. బెడ్ పక్క ట్రేలో ఉంది. ప్లేట్‌లెట్ రిపోర్ట్ రావాలి, 9 గంటలకు ల్యాబ్‌కు ఫోన్ చేయాలి. ఇప్పుడు నువ్వు చెప్పు." విన్న సిస్టర్ డోసు టైం, మూడు షరతులు, ల్యాబ్ ఫోన్ తిరిగి చెబుతారు. మొత్తం నిమిషంన్నర కూడా పట్టదు. పీహెచ్‌సీలో ఇచ్చిన 10 గ్రాముల టైం ఇందులో లేకపోతే, ఇక్కడ ఎవరో మళ్లీ పూర్తి మొదటి డోసు మొదలుపెడతారు, శ్వాస ఆగిపోయేదాకా వస్తుంది.

పంపుల మీద నడిచే మందులకు ఇంకో నియమం. "నార్అడ్రినలిన్ 5లో నడుస్తోంది" అనేది ఓవర్ కాదు (నార్అడ్రినలిన్ పడిపోయిన బీపీని నిలబెట్టే మందు). 50 మి.లీ. సిరంజిలో 4 మి.గ్రా. కలిపితే గంటకు 5 మి.లీ. అంటే నిమిషానికి సుమారు 6.7 మైక్రోగ్రాములు. అదే సిరంజిలో 8 మి.గ్రా. ఉంటే 13.3. రాత్రి షిఫ్ట్ వాళ్లు సిరంజి అయిపోయి కొత్తది కలిపేటప్పుడు తమకు అలవాటైన లెక్కలో కలుపుతారు, పంపు అంకె మాత్రం మారదు, బీపీ ఒక్కసారిగా పెరిగిపోతుంది లేదా కూలిపోతుంది. దవాఖాన మొత్తానికి ప్రతి మందుకు ఒకే గాఢత నిర్ణయించి లామినేట్ చేసి ఐసీయూలో పెట్టడం ఫార్మసీ, మత్తు డాక్టర్లు కలిసి చేయాల్సిన పని. నర్సు ఎంత జాగ్రత్తగా చెప్పినా, రెండు గాఢతలు వాడుకలో ఉన్నంతకాలం తప్పు జరుగుతూనే ఉంటుంది.

కాగితం సంగతి కొంచెం. ఒక ఏ4 పేజీ, వార్డు మొత్తానికి. కంప్యూటర్‌లో నిన్నటి షీట్ కాపీ చేసి పేరు మార్చే చోట "కెథెటర్ రెండో రోజు" అన్న మాట వారం రోజులు అలాగే ఉండిపోతుంది. రోజులు లెక్కపెట్టకుండా వేసిన తేదీ రాయండి: "కెథెటర్ 12వ తేదీ". క్యాన్యులా, సెంట్రల్ లైన్, యాంటీబయాటిక్ మొదలు అన్నిటికీ తేదీయే. రిపోర్ట్ బుక్‌లో పేషెంట్ చెప్పిన మాటను పేషెంట్ మాటలోనే రాయండి. "దమ్ము వస్తుంది", "గుండెల్ల గుంజినట్టయితుంది" అన్నదాన్ని గ్యాస్ అని రాసేస్తే తర్వాతి షిఫ్ట్‌కు అది గ్యాస్‌గానే చేరుతుంది. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన పీజీలకు ఈ మాటలు పది, పదిహేను రాసి మొదటి వారంలోనే ఇవ్వండి. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడ, దేవరకొండ తండాల నుంచి లంబాడీ మాట్లాడేవాళ్లు వస్తారు. ఎవరు భాష తెలిసి చెప్పగలరో ఆ అటెండర్ పేరు కూడా షీట్‌లో ఉంటే రాత్రి పూట మేలు.

డ్యూటీ మార్పు కన్నా పెద్ద గండి పేషెంట్ ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి మారేటప్పుడు. క్యాజువాలిటీలో "బెడ్ అలాట్ అయింది" అనగానే అక్కడి డాక్టర్ మనసులో ఆ పేషెంట్ వెళ్లిపోయినట్టే. వార్డు డాక్టర్ మనసులో ఇంకా రానట్టే. స్ట్రెచర్ కారిడార్‌లో గంట నిలబడుతుంది, ఆ గంటలో ఆ మనిషి ఎవరి పేషెంట్? దీనికి జవాబు రాతలో ఉండాలి: వార్డు డాక్టర్ చూసి, టైం వేసి సంతకం పెట్టేదాకా క్యాజువాలిటీ డ్యూటీ డాక్టర్‌దే బాధ్యత. క్యాజువాలిటీలో రాసిన మందులు ఎంతసేపు చెల్లుతాయో కూడా నిర్ణయించండి, రెండు గంటలు సరిపోతుంది. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, పంపు నడుస్తున్నవాళ్లు, స్పృహ తగ్గినవాళ్ల వెంట వార్డు బాయ్‌తో పాటు నర్సు తప్పనిసరిగా వెళ్లాలి. అర్జెంటు కాని షిఫ్టింగులు 7:30 నుంచి 8:30 మధ్య, 1:30 నుంచి 2:30 మధ్య ఆపేయండి. ఆ టైంలో పంపిన పేషెంట్‌ను రెండు షిఫ్టుల్లో ఎవరూ పూర్తిగా చూడరు.

ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికి వచ్చేటప్పుడు క్రమం ముఖ్యం. ముందు మానిటర్, ఆక్సిజన్, పంపులు తగిలించడం, అందరూ చేతులు ఖాళీ చేసుకున్నాక మాటలు. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల దవాఖాన వాళ్లు కారు రేసుల్లో పిట్ సిబ్బంది పనిచేసే తీరు చూసి నేర్చుకున్న పద్ధతి ఇది. వైర్లు తగిలిస్తూ చెప్పిన మాట ఎవరి చెవికీ ఎక్కదు. మన దగ్గర ఇంకో సంగతి కలపాలి. మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం వైపు పెద్దవయసు వాళ్లలో ఫ్లోరోసిస్ వల్ల మెడ, వెన్ను బిగుసుకుపోయి ఉంటాయి. మత్తు డాక్టర్‌కు ట్యూబ్ వేయడంలో, వెన్నులో సూది వేయడంలో ఎంత కష్టమైందో రికవరీ నర్సుకు చెప్పాలి. రాత్రి శ్వాస ఇబ్బంది వస్తే వార్డు డాక్టర్ ఒంటరిగా ట్యూబ్ ప్రయత్నించకుండా ఎవరిని పిలవాలో షీట్ మీద పేరు ఉండాలి. మెడ కింద దిండు ఎలా పెట్టాలో, పక్కకు ఎలా తిప్పాలో కూడా అప్పుడే చెప్పుకోవాలి.

దవాఖానకూ దవాఖానకూ మధ్య జరిగేది మన జిల్లాల్లో రోజూ ఉన్నదే. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నుంచి నాగర్‌కర్నూల్ లేదా మహబూబ్‌నగర్‌కు, అక్కడి నుంచి జడ్చర్ల మీదుగా ఉస్మానియాకు. నల్లగొండ నుంచి గాంధీకో నిమ్స్‌కో. ప్రతి మజిలీలో ఒక ముక్క జారుతుంది. పాముకాటు కేసులో విషం విరుగుడు మందు ఎన్ని వయల్స్ (చిన్న సీసాలు) ఏ టైంకు మొదలుపెట్టారు, 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష ఎప్పుడు చేశారు, గడ్డకట్టిందా లేదా, ఈ మూడూ చీటీలో లేకపోతే తర్వాతి దవాఖాన మొదటి నుంచి మొదలుపెట్టాలి. రక్తపింజర కాటుకు మొదటి 10 వయల్స్ ఇచ్చాక మళ్లీ పరీక్ష 6 గంటలకు చేయాలి, ఆ ఆరు గంటలు సగం రోడ్డు మీదే గడుస్తాయి కాబట్టి మొదలుపెట్టిన టైం రాయడం ప్రాణంతో సమానం. పురుగుల మందు కేసులో విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఇప్పటిదాకా మొత్తం ఎంత, చివరి డోసు ఎప్పుడు, ఊపిరితిత్తుల్లో గరగర తగ్గిందా అన్నది రాయాలి. తాగిన డబ్బా దొరికితే డబ్బానే పంపాలి.

ఆక్సిజన్ లెక్క పంపే దవాఖాన బాధ్యత. బీ-టైప్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు నడిస్తే 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. నల్లగొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లే అయినా ఎల్బీనగర్ ట్రాఫిక్ దాటి దవాఖాన గేటు చేరి, స్ట్రెచర్ దొరికేసరికి ఆ రెండున్నర గంటలు అయిపోతాయి. ఈ లెక్కలో మిగులు లేదు, రెండో సిలిండర్ ఉండాలి. రిఫరల్ చీటీ రెండు కాపీలు తీసి, ఒకటి 108 టెక్నీషియన్ చేతికే ఇవ్వాలి. అటెండర్ చేతికి మాత్రమే ఇస్తే, ఆయన ఆటోలో వెనక వస్తాడు, పేషెంట్ ముందు చేరుతుంది, చీటీ గంట తర్వాత చేరుతుంది. వాట్సాప్‌లో ఫొటో పంపడం మంచిదే, కానీ వ్యక్తిగత నంబర్లకు కాకుండా దవాఖాన ఫోన్‌కు, అదీ కాగితానికి అదనంగా. బయలుదేరే ముందు అక్కడి డ్యూటీ డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడి, ఒప్పుకున్నవారి పేరు, టైం చీటీ మీద రాయండి. పెద్ద దవాఖాన వైపు నుంచి తిరుగు సమాచారం రావాలని జిల్లా స్థాయిలో అడగాలి. పంపిన పేషెంట్ ఏమయ్యిందో ఎప్పటికీ తెలియని డాక్టర్ తన చీటీలో ఏం లోపముందో ఎలా తెలుసుకుంటారు?

వచ్చే రిపోర్టుల సంగతి ఒక్క మాటలో: రక్తం కల్చర్ రెండు, మూడు రోజులకు వస్తుంది, అప్పటికి యూనిట్ మారి ఉంటుంది లేదా పేషెంట్ ఇంటికి పోయి ఉంటారు. ప్రతి పెండింగ్ పరీక్షకు ఎదురుగా ఒక మనిషి పేరు రాసిన రిజిస్టర్ ఉంచండి, "వార్డు" అని రాస్తే ఎవరూ చూడరు.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైనది, అడిగే హక్కు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలైన సిస్టర్ ఇరవై ఏళ్ల సీనియర్‌ను "మేడం, ఆ డోసు నిజంగా ఇచ్చారా, చార్టులో సంతకం లేదు" అని అడగలేరు. హౌస్ సర్జన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను అడగలేరు. ధైర్యంగా ఉండమని క్లాసు చెబితే ఇది మారదు. ప్రశ్నను ఫారంలో భాగం చేయండి: ప్రతి రెడ్ పేషెంట్‌కు తీసుకునేవారు కనీసం ఒక ప్రశ్న అడిగి, జవాబు రాయాలి. అప్పుడు అడగడం తలపొగరు అనిపించదు, కాగితం అడిగింది కాబట్టి అడిగినట్టు అవుతుంది. మత్తు మందుల లెక్క కుదరకపోతే, క్రాష్ కార్ట్ (అత్యవసర మందుల బండి) సీల్ తెగి ఉంటే, ఆక్సిజన్ ఖాళీ అయితే "సరిచేసేదాకా ఓవర్ తీసుకోను" అనే అధికారం వచ్చే సిస్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. మొదటిసారి ఎవరైనా అలా అన్నప్పుడు ఇన్‌చార్జ్ ఆ జూనియర్ పక్కన నిలబడాలి. ఆ ఒక్క రోజు ఏం జరిగిందో వార్డు మొత్తం ఏళ్ల తరబడి గుర్తు పెట్టుకుంటుంది.

దీనికి ముడిపడిన ఇంకొకటి మెమోలు. ఓవర్‌లో ఏదైనా జారిపోయిందని చెప్పిన ప్రతిసారీ మెమో వస్తే రిపోర్ట్ బుక్‌లో "నో కంప్లైంట్స్, స్లెప్ట్ వెల్" తప్ప ఇంకేమీ కనపడదు. తెలిసి చేసిన తప్పుకు మెమో ఉండాల్సిందే. డోసు టైం మందుల చార్టు వల్ల తప్పితే చార్టును మార్చాలి. ఈ రెంటినీ విడదీసి చూసే మనిషి సూపరింటెండెంట్ పక్కన ఉండాలి.

కొలవడంలో కూడా చాలామంది దారి తప్పుతారు. నిండిన ఫారాలు లెక్కపెడితే ఎప్పుడూ వంద శాతమే వస్తుంది. దవాఖాన నాణ్యత చూసే ఎన్‌క్యూఏఎస్, ఎన్‌ఏబీహెచ్ తనిఖీకి వచ్చేవాళ్లకు ఆ కాగితాలు కావాలి, ఉంచండి. మీకోసం వేరే కొలతలు పెట్టుకోండి. ఒకటి, వారానికి ఐదుగురు పేషెంట్లను ఎంచుకుని, ఓవర్ అయిన గంటకు ఆ నర్సును అడగండి: ఈ పేషెంట్‌కు ఈ రాత్రి అన్నిటికన్నా భయపడాల్సింది ఏమిటి, ఏ పని పెండింగ్, ఏమైతే ఎవరిని పిలుస్తారు. జవాబులు కేస్‌షీట్‌తో సరిపోల్చండి. రెండు, 8, 2 గంటల చుట్టూ తప్పిన డోసుల లెక్క. మూడోది నాకు అన్నిటికన్నా నమ్మకమైనది: డ్యూటీ దిగి ఇంటికి పోయిన సిస్టర్‌కు, డాక్టర్‌కు ఫోన్ చేసి "ఆ పేషెంట్‌కు అది ఇచ్చారా" అని ఎన్నిసార్లు అడగాల్సి వచ్చింది. స్టేషన్‌లో ఒక చిన్న నోట్‌బుక్ వేలాడదీసి, అలా ఫోన్ చేసిన ప్రతిసారీ గీత గీసి, ఏం అడిగారో రెండు మాటలు రాయించండి, పేర్లు వద్దు. ఆ నోట్‌బుక్ నెల రోజులు చదివితే మీ ఫారంలో ఏ గడి లేదో అదే చెబుతుంది.

మొదలు ఒక్క వార్డుతో పెట్టండి, మెటర్నిటీ అయితే మంచిది, అక్కడ పేషెంట్ పరిస్థితి గంటల్లో మారుతుంది కాబట్టి తేడా త్వరగా కనపడుతుంది. రోస్టర్, మందుల టైం మొదటి రెండు వారాల్లో మార్చి, ఫారం ఆ తర్వాతే తెండి. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా జ్వరాల కాలంలో మొదలుపెట్టకండి.

ఆ కాలం ఎలాగూ వస్తుంది, 30 పడకల వార్డులో 50 మంది, ఇద్దరే సిస్టర్లు ఉండే రోజులు వస్తాయి. ఆ రోజుకు కుదించిన ఓవర్ ఏమిటో ఇప్పుడే రాసి పెట్టుకోండి, లేకపోతే ఆ రోజు మొత్తం ఓవరే పోతుంది. గ్రీన్ పేషెంట్లను పేర్లు చదివి వదిలేయవచ్చు. వదలకూడనివి: రెడ్ పేషెంట్లను బెడ్ దగ్గరికి వెళ్లి చూడటం, నడుస్తున్న పంపులు, రక్తం, రాబోయే రెండు గంటల్లో పడాల్సిన డోసులు, నేల మీద పరుపు మీద ఉన్నవాళ్ల పేర్లు, వాళ్లు ఏ కిటికీ పక్కన ఉన్నారో.